ఎరువు యాప్ వాటాలమ్మ

వాటాలమ్మ అని ఆమెకు పేరు పెట్టింది అమ్మమ్మ. చిన్నప్పుడు స్కూల్లో ముందు బెంచీ పిల్ల దగ్గర రంగు పెన్సిళ్ళు ఉండేవి, వెనక బెంచీ పిల్ల దగ్గర బొమ్మల స్టిక్కర్లు ఉండేవి. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఈమె మధ్య బెంచీ. వీళ్ళ పెన్సిలు వాళ్ళకూ, వాళ్ళ స్టిక్కరు వీళ్ళకూ చేరవేస్తూ, ప్రతిసారీ ఒక స్టిక్కరో పెన్సిలు ముక్కో తన సంచిలో వేసుకునేది. సంగతి బయటపడి టీచరు ఇంటికి కబురు పెడితే, తిట్టాల్సిన అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇద్దరి మధ్య దూరిందంటే వాటా లేకుండా బయటికి రాదే ఇది! వాటాలమ్మ!" అంది. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది.

పెద్దయ్యాక ఏవేవో చదివింది గానీ, చివరికి దొరికిన ఉద్యోగం మాత్రం మధ్య బెంచీదే. ఫోన్లలో యాప్‌లు నడిపే ప్లాట్‌ఫాం కంపెనీలకు బిజినెస్ మోడల్ తయారుచేయడం ఆమె పని. వస్తువు కంపెనీది కాదు, వాడుకునేవాడు కంపెనీ మనిషి కాదు. అయినా ఇద్దరినీ ఒకచోట కలపాలి, ఇద్దరిలో ఎవరికీ చిరాకు పుట్టకుండా మధ్యలో కంపెనీ బతకాలి. ఎవరిని డబ్బు అడగాలి, ఎవరికి ఊరికే ఇవ్వాలి, ఎప్పుడు అడిగితే పారిపోరు అని రోజంతా గోడ మీద గీతలు గీస్తూ ఆలోచించడమే ఆ ఉద్యోగం.

ఇది ఇంట్లోవాళ్ళకు చెప్పడం అంత సులువు కాలేదు. పెళ్ళికి ముందు కాబోయే మామగారిని మొదటిసారి కలిసినప్పుడు ఆయన అడిగాడు.

"ఏం చేస్తుంటావమ్మా?"

"ప్లాట్‌ఫాం కంపెనీలో పని చేస్తానండీ."

ఆయన రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ముఖం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగింది. "ఏ స్టేషన్లో?"

"స్టేషను కాదండీ. ప్లాట్‌ఫాం అంటే... ఎవరెవరో వచ్చి కలుసుకునే చోటు. మేం ఆ చోటు చూసుకుంటాం."

"ప్లాట్‌ఫాం అంటే ఏంటో నాకు చెప్తావా తల్లీ!" అని ఆయన కొడుకు వైపు తిరిగి, "మన డిపార్ట్‌మెంటు పిల్లేరా" అన్నాడు.

ఆమె సరిదిద్దలేదు. అంత సంతోషంగా ఒప్పేసుకున్న మనిషిని సరిదిద్దితే బేరం చెడుతుందని ఆమెకు అప్పటికే తెలుసు.

పెళ్ళయి, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే భర్తతో, అత్తమామలతో కలిసి ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల కాలనీలో కాపురం పెట్టాక ఆమె కొత్త కంపెనీలో చేరింది. దాని యజమానికి ఆఫీసులో చాటుగా 'బారెడు' అని పేరు. మార్కెట్ ఎంత ఉందో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా రెండు చేతులూ బారచాపుతాడు. పక్కన కూర్చున్నవాళ్ళు టీ కప్పులు జరుపుకోవాలి.

బారెడు తలపెట్టిన యాప్ పేరు 'ఎరువు', అరువు తెచ్చుకోవడానికి పాతకాలపు మాట. నిచ్చెన, డ్రిల్లు మిషను, పెద్ద సూట్‌కేసు లాంటివి ప్రతివాళ్ళూ కొనుక్కోనక్కర్లేదు. పక్కింటివాళ్ళ దగ్గర ఎరువు తెచ్చుకుని, నాలుగు రోజులు వాడుకుని, కాస్త అద్దె ఇచ్చి తిరిగి ఇచ్చేయవచ్చు. అద్దెలో కొంత కంపెనీకి. ఆలోచన బాగానే ఉంది. పేరే కొంప ముంచింది. యాప్ వదిలిన రోజు నుంచీ ఫోన్లన్నీ మొక్కలవాళ్ళవే. "గులాబీకి ఏది వెయ్యమంటారు?", "మా నిమ్మచెట్టు ఆకులు ముడుచుకుంటున్నాయండీ" అని ఒకటే గోల. ఫోన్లెత్తే అమ్మాయి విసిగి విసిగి, చివరికి మొక్కల పెంపకం నేర్చేసుకుంది.

"పేరు మారుద్దాం సార్" అంది వాటాలమ్మ.

"మొక్కల మార్కెట్ ఎంత పెద్దదో తెలుసా అమ్మా?" అని బారెడు చేతులు చాపాడు. ఆమె తన కప్పు జరుపుకుంది.

పేరు సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు వేరే ఉంది. వస్తువులు లేనిదే మనుషులు యాప్ తెరవరు. మనుషులు తెరవనిదే ఎవరూ వస్తువులు పెట్టరు. ఖాళీ దుకాణంలోకి ఎవరు వస్తారు? ముందు దుకాణం నిండుగా కనబడాలి. ప్రయోగానికి తను ఉండే కాలనీనే ఎంచుకుంది వాటాలమ్మ. ఒక సాయంత్రం అందరూ టీవీకి కళ్ళప్పగించి ఉండగా, ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి, అటక మీది మడతమంచం దగ్గర నుంచి బాల్కనీలోని చెప్పుల స్టాండు దాకా కనబడినదల్లా ఫొటో తీసి యాప్‌లో పెట్టేసింది. మామగారి వాలుకుర్చీ కూడా పెట్టింది. పాత కుర్చీ, ఎవరు అడుగుతారులే, లెక్కకు ఉంటుంది కదా అనుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కముందే ఒక పొద్దున ఇద్దరు మనుషులు తలుపు కొట్టారు. మామగారు వాలుకుర్చీలో వెనక్కి వాలి పేపరు చదువుకుంటున్నాడు.

"కుర్చీ కోసం వచ్చాం సార్."

"ఏ కుర్చీ?"

వాళ్ళు ఫోన్లో ఫొటో చూసుకున్నారు, ఆయన్ని చూశారు, మళ్ళీ ఫొటో చూసుకున్నారు. "మీరు కూర్చున్నదే సార్. మీరు లేస్తే తీసుకెళ్తాం."

మామగారు పేపరు దించి వంటింటి వైపు కేకేశాడు. "ఏమేవ్! కుర్చీ గానీ అమ్మేశావా?"

"మిమ్మల్నే అమ్మలేకపోయాను, కుర్చీ ఎవరు కొంటారు?" అని లోపల్నుంచి అత్తగారి గొంతు.

వాటాలమ్మ తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. పక్క బ్లాకులో ఫొటో స్టూడియో నడిపే ఆవిడకు ఒక పెద్ద కుటుంబం ఫొటో తీయడానికి పాతకాలపు కుర్చీ కావాలట, సాయంత్రానికల్లా తిరిగి వచ్చేస్తుందట. "మామయ్యా, మొట్టమొదటి ఆర్డరు. కాదనకండి. నా ఉద్యోగం మీ కూర్చోవడం మీద ఆధారపడి ఉంది. అంటే, లేవడం మీద."

మామగారు పేపరు మడిచి లేచాడు. తన కుర్చీని ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళ వెంట ఒంటరిగా పంపడం ఆయనకు మనస్కరించలేదు. చొక్కా మార్చుకుని దానితోపాటు బయల్దేరాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మనిషే మారిపోయాడు. ఆ కుటుంబం ఫొటోలో కుర్చీలో కూర్చోవాల్సిన తాతగారు లైట్ల వేడికి తాళలేక లేచిపోతే, వెలుగు సరిచూసుకోవడానికని స్టూడియో ఆవిడ ఈయన్ని కూర్చోబెట్టిందట. ఆ ఫొటో బాగా వచ్చిందని వాళ్ళు అదే ఉంచుకున్నారట. "వాళ్ళకు నేను ఏమవుతానో ఇంకా తేల్చుకోలేదు. ఆదివారం టీకి రమ్మన్నారు" అన్నాడు మామగారు.

రిటైరైన దగ్గర నుంచీ గోడలకేసి చూస్తూ గడిపిన మనిషికి కాలనీ అంతా ఒక్కసారి తలుపులు తీసినట్టయింది. ఏ వస్తువు ఎవరింటికి బయల్దేరినా పక్కన ఆయన ఉండాల్సిందే. ఎవరింట్లో ఏముందో, ఎవరికి ఏం కావాలో ఆయన నాలుక చివరే ఉండేది. వాటాలమ్మ మురిసిపోయింది. కొన్నాళ్ళు ఆర్డర్లు కూడా పెరిగాయి. బారెడు చేతులు కిటికీ పరదాల దాకా వెళ్ళాయి.

తర్వాత ఏమైందో గానీ ఆర్డర్లు పడిపోవడం మొదలైంది. పడి పడి చివరికి ఆ కాలనీలో ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. మీటింగులో బారెడు చేతులు జానెడుకు ముడుచుకున్నాయి.

"జనానికి వస్తువులు అక్కర్లేదా?"

"అక్కరుంది సార్. మా లిఫ్టులో నిన్న మడతమంచం ఎదురొచ్చింది. మన యాప్‌లో మాత్రం మడతమంచం ఎక్కడికీ కదల్లేదు."

"అంటే?"

"మనల్ని దాటేసి చేతులు మార్చుకుంటున్నారు సార్. ఒకసారి ముఖాలు తెలిశాక మధ్యలో మనమెందుకు?"

ప్లాట్‌ఫాం కంపెనీలన్నిటికీ ఉండే జబ్బే ఇది. ఎక్కడ కారుతోందో కనిపెట్టమని బారెడు ఆమెనే పురమాయించాడు. సెలవు రోజు పొద్దున్నే ఆమె బాల్కనీలో కాపు కాసింది. ఎంతోసేపు పట్టలేదు. కింద దారిలో పొడవాటి అల్యూమినియం నిచ్చెన ఒకటి అడ్డంగా వెళ్తూ కనిపించింది. ఆమె చెప్పులు తొడుక్కుని దిగి దాని వెంట పడింది. నిచ్చెన పార్కింగు దాటింది, సైకిళ్ళ స్టాండు దగ్గర మలుపు తిరగలేక ఒక స్కూటరు అద్దాన్ని పలకరించింది, పిల్లల ఉయ్యాలల పక్క నుంచి వెళ్ళింది. వెనక చివర ఎవరు పట్టుకున్నారో చూద్దామని ఆమె రెండు అంగల్లో ముందుకు వచ్చింది.

"మామయ్యా!"

నిచ్చెన ఆగింది. ముందు చివర పట్టుకున్నది ఎదురు బ్లాకు బ్యాంకు ఉద్యోగి. ఫ్యాను బిగించుకోవాలట.

"ఇది యాప్‌లో బుక్ చేశారా?" అంది వాటాలమ్మ.

"యాప్ ఎందుకమ్మా? నిచ్చెనాయన నాకు తెలుసు. ఈయనా నాకు తెలుసు" అన్నాడు మామగారు.

"మరి కంపెనీ?"

"కంపెనీ కూడా తెలుసు. నువ్వే కదా!"

"మామయ్యా, బతుకంతా టికెట్ లేనివాళ్ళను పట్టుకున్న మనిషి మీరు. ఇప్పుడు కాలనీ మొత్తాన్నీ టికెట్ లేకుండా ఎక్కించేస్తున్నారు!"

ఆయన కాస్త ఇరుకున పడ్డాడు. అయినా తగ్గలేదు. "అది రైలు. దాన్ని నడపడానికి ఖర్చవుతుంది. నిచ్చెనను నడిపేది మేమే కదా."

"ఏమండీ, నేను దించనా, మొయ్యనా?" అన్నాడు బ్యాంకాయన, భుజం మార్చుకుంటూ.

"మోయండి" అంది వాటాలమ్మ. పక్కకు జరిగి దారిచ్చింది.

ఆఫీసులో సగం నిజం చెప్పింది. కారే చోటు దొరికింది, చాలా అనుభవం ఉన్న మనిషి, అతన్ని మనవైపు తిప్పుకుంటే సరి అంది. కాలనీ ప్రతినిధి అని ఒక పదవి పుట్టించి, కంపెనీ బొమ్మ ఉన్న ఆకుపచ్చ టీషర్టూ టోపీ ఇప్పించింది. రైల్వే నల్లకోటు వదిలేశాక మళ్ళీ యూనిఫారం దొరికిన మామగారు ఉప్పొంగిపోయాడు. టీషర్టును ఇస్త్రీ చేసి మరీ తొడుక్కున్నాడు. తొడుక్కుని ఏం చేశాడంటే, ఇన్నాళ్ళూ చేసిందే చేశాడు. ఇప్పుడు కంపెనీ మనిషే చెప్తున్నాడు కదా అని, మొహమాటపడేవాళ్ళు కూడా యాప్ తీసేసి ఆయన వెంట నడిచారు.

"నీళ్ళు కారే గొట్టానికి రంగేసి వచ్చావు" అన్నాడు భర్త, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆ రోజు అతని టీ అతనే పెట్టుకోవాల్సి వచ్చింది.

అప్పుడు వచ్చింది డ్రిల్లు గొడవ. ఆ డ్రిల్లు మిషను పైఅంతస్తు పళ్ళ డాక్టరుది. తీసుకున్నది కింద అంతస్తు గిటారు మాస్టారు. మధ్యన ఉండి ఇప్పించింది మామగారు. గిటార్లు వేలాడదీయడానికి మేకులు కావాలని మాస్టారు సరిగ్గా కాంక్రీటు దూలం ఉన్నచోటే మొదలుపెట్టాడు. కాసేపటికి మిషను పొగలు కక్కి ప్రాణం వదిలింది.

ఇక మామగారి పాట్లు చెప్పనలవి కాదు. పొద్దున డాక్టరు ఫోను, మధ్యాహ్నం మాస్టారు ఫోను. "మీ మాట మీద ఇచ్చాను" అని ఒకరు, "మీ మాట మీద తీసుకున్నాను" అని ఒకరు. లిఫ్టులో ఇద్దరిలో ఎవరు ఎదురవుతారో అని ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టాడు. టీషర్టు బీరువాలో అడుక్కి పోయింది. ఒక సాయంత్రం డాక్టరు ఇంటికే వచ్చేశాడు. ఆయన గొంతు వినగానే మామగారు బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు.

"ఆయన లేరండీ" అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

లోపల్నుంచి దగ్గు వినిపించింది.

"ఆయన లేరు గానీ దగ్గు ఇంట్లోనే ఉన్నట్టుంది" అన్నాడు డాక్టరు.

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన వాటాలమ్మ డాక్టరును బతిమాలి కిందికి తీసుకెళ్ళింది. గిటారు మాస్టారునూ పిలిపించింది. లిఫ్టు ముందున్న సోఫాలో ఇద్దర్నీ చెరో చివరా కూర్చోబెట్టి, తను మధ్యలో నిలబడింది.

"కొత్తది కొనిస్తానంటున్నానండీ, ఈయన తీసుకోడు" అన్నాడు మాస్టారు.

"నాకు డ్రిల్లు ముఖ్యం కాదు. ఈయన ఏమన్నాడో అడగండి."

"ఏమన్నారు మాస్టారూ?"

మాస్టారు నేలచూపులు చూశాడు. "పళ్ళ డాక్టరు గారి డ్రిల్లు కదా, పళ్ళకు అలవాటుపడి గోడకు జడిసిందేమో అన్నాను. ఏదో సరదాకి."

వాటాలమ్మకు నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోవాలని బుగ్గ లోపల కొరుక్కుంది. ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వడం చూసి డాక్టరు భగ్గుమన్నాడు.

"నవ్వుతారేంటండీ? అసలు మీ కంపెనీ ఈ యాప్ పెట్టబట్టే కదా ఇదంతా!"

"నిజమే సార్" అని మాస్టారు వెంటనే అందుకున్నాడు. "అంతకుముందు ఎవరి ఇంట్లో వాళ్ళం హాయిగా ఉన్నాం."

"పాపం ఆ పెద్దాయన్ని కూడా ఇందులోకి లాగారు."

"టోపీ కూడా పెట్టారు!"

ఇద్దరూ కలిసి ఆమెను చెడామడా కడిగేశారు. ఒకరు ఆగితే ఒకరు అందుకున్నారు. ఎప్పుడు జరిగారో గానీ సోఫాలో పక్కపక్కకు చేరారు. కడగడం అయిపోయాక డాక్టరు లేచి, "మీ దూలం ఎక్కడుందో చూపించండి మాస్టారూ, మేకు కాస్త పక్కకు జరిపితే సరిపోతుంది" అన్నాడు. ఇద్దరూ లిఫ్టెక్కి వెళ్ళిపోయారు. కొత్త డ్రిల్లు ప్రస్తావనే లేదు.

వాటాలమ్మ ఒక్కతే లిఫ్టు ముందు నిలబడిపోయింది. అన్ని తిట్లు తిన్నాక ఎవరికైనా ఏడుపు రావాలి. ఆమెకు ఒళ్ళంతా తేలికైనట్టుంది. మనుషుల్ని కలిపినందుకు కంపెనీ వాటా అడుగుతోంది. కలపడం మామగారు ఊరికే చేసిపెడుతున్నాడు, అంతకన్నా బాగా. వస్తువు చెడిన తర్వాత నిలబడి తిట్లు తినడానికి మాత్రం ఎవరూ లేరు. ఆ మామగారే బాత్రూంలో దూరాడు.

మర్నాడు ఆఫీసులో గోడ మీది పాత గీతలన్నీ తుడిచేసింది.

"సార్, ఇచ్చిపుచ్చుకోవడం ఊరికే చేసుకోనిద్దాం. అద్దె వద్దు, అందులో వాటా వద్దు. వస్తువు చెడితే ఎలా అని భయం ఉన్నవాళ్ళు మాత్రం ముందుగా కొద్దిగా కట్టుకుంటారు. చెడిందా, బాగుచేయించేదీ కొత్తది ఇచ్చేదీ కంపెనీ. కోపం వస్తే కంపెనీనే తిట్టుకోవచ్చు. దీనికి 'నిశ్చింత' అని పేరు పెడదాం."

బారెడు కళ్ళు చిన్నవి చేశాడు. "మనల్ని తిట్టడానికి జనం డబ్బులు కడతారా?"

"ఇన్నాళ్ళూ ఊరికే తిడుతున్నారు కదా సార్."

ఫోన్లెత్తే అమ్మాయి ఆ మూల నుంచి గట్టిగా తలూపింది. బారెడు మెల్లగా చేతులు విప్పడం మొదలుపెట్టాడు. ఆ నెలాఖరు మీటింగులో అదంతా తనకే స్నానం చేస్తుండగా తట్టిందని అందరికీ చెప్పాడు. ఆ స్నానంలో తన వాటా ఎంతో తర్వాత ఆయన గదిలోకి వెళ్ళి మాట్లాడుకుని, జీతం పెంచుకుని వచ్చింది వాటాలమ్మ.

పథకం రాత్రికి రాత్రి ఊపందుకోలేదు గానీ నిలదొక్కుకుంది. మామగారు మళ్ళీ లిఫ్టులో తిరగసాగాడు. ఏదైనా ఇప్పించే ముందు "నిశ్చింత కట్టారా? కట్టకపోతే నా పేరు చెప్పకండి" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. ఆయన అలా అడగబట్టే కాలనీలో సగంమంది కట్టారు. ఇంకో రెండు కాలనీల్లో కూడా ఇదే పద్ధతి పెట్టారు. ఒకచోట బాగానే నడిచింది. రెండోచోట అందరూ చుట్టాలే కావడంతో, వాళ్ళు ఒకర్నొకరు తిట్టుకోవడానికే ఇష్టపడ్డారు. అక్కడ మూసేశారు.

అంతా సర్దుకుందని ఊపిరి పీల్చుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం అత్తగారు వచ్చి కోడలి పక్కన కూర్చుంది. పక్కింటివాళ్ళకు చెంచా కూడా ఇవ్వని మనిషి. చేతిలో తన పాత మిక్సీ ఉంది. అది తిరిగితే రోడ్డు మీద లారీ వెళ్తున్నట్టు ఉంటుంది.

"అమ్మాయ్, దీన్ని మీ యాప్‌లో పెట్టవా? పాపం, ఎవరైనా వాడుకుంటారు. ఆ నిశ్చింతేదో కూడా నేనే కడతాలే."

"మీరు ఇస్తానంటే అంతకన్నానా అత్తయ్యా!"

"ఇస్తాను గానీ..." అత్తగారు గొంతు తగ్గించింది. "మన కాలనీలో అందరికన్నా మొరటు చేతులు ఎవరివి?"

ఆ ప్రశ్న వాటాలమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్తగారి కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళలో కొత్త మిక్సీ గిర్రున తిరుగుతోంది. తన పథకంలో ఇంత పెద్ద కన్నం ఉందని ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు.

"కనుక్కుని చెప్తాను అత్తయ్యా" అని లేచి, లోపలి గదిలోకి వెళ్ళి, కంప్యూటరు ముందు కూర్చుంది. బాగా పాతబడిన వస్తువులకు నిశ్చింత వర్తించదని, కొత్తగా చేరేవాటిని పనిచేస్తుండగా వీడియో తీసి పంపాలని రెండు షరతులు రాసి ఆఫీసుకు పంపించింది.

కొద్దిరోజులకు ఆ షరతులు యాప్‌లోకి వచ్చాయి. అత్తగారు అద్దాలు పెట్టుకుని, ఫోనును చేయంత దూరాన పట్టుకుని, ఒక్కొక్క మాటే చదివింది. చదివి నిట్టూర్చింది.

"ఎవడో గానీ గట్టి పిండమే రాశాడమ్మాయ్. నాలాంటివాళ్ళు ఉంటారని ముందే పసిగట్టాడు చూడు!"

"అవునత్తయ్యా, చాలా తెలివైనవాళ్ళు ఉన్నారు మా ఆఫీసులో" అంది వాటాలమ్మ, తలొంచుకుని ఫోన్లో ఏదో వెతుకుతున్నట్టు.